పుస్తకములు ఎరువిచ్చుట

చేయి దాటిన పుస్తకము మరల రాదని పెద్దల మాట యొకటి కలదు. ఆ మాట పుస్తకమును గూర్చి మాత్రమే చెప్పి యూరకుండలేదు. స్త్రీని, ధనమును గూడ దానితో చేర్చి మూడింటిని ఒక్క తాట కట్టినది. పరుల చేతిలో పడిన యీ మూడును పోయినవేనట. ఒకవేళ తిరిగి వచ్చినను చెడి వచ్చునట. స్త్రీని పెట్టెలోని సొమ్ముగా నెంచిన కాలమున పుట్టిన మాట యిది. దీనిని విని నేటి యిల్లాండ్రు నవ్వుదురో కోపింతురో వారి యిష్టము. కాని యందులోని పుస్తక భాగము మాత్రము నేటికిని మన యిండ్లలో చెల్లుబడి యగుచునే యున్నది. పొరుగువారు ఒక నవల నడిగినచో "ఇంకా మావాడు చదువుతున్నాడండీ" అని తప్పించుకొనని గృహమేది? ఆ జంకునకు కారణము లేకపోలేదు. బంధువులు ప్రయాణములో చదువుకొందుమని తీసికొనిపోయిన భారత సంపుటము తిరిగి రాక, మిగిలిన సంపుటములు పన్ను ఊడిన నోరువలె బీరువాలో నిలిచియుండుట మనలో ననేకులకు అనుభవమే.

మన భాషలో బదులు వేరు, ఎరువు వేరు. బదులు తెచ్చిన బియ్యము వండుకొని, వేరు బియ్యము కొలిచి యిత్తుము. ఎరువు తెచ్చిన నగను ఆ నగగానే మరల నీయవలెను. పుస్తకము ఎరువు సొమ్ము. ఒక ప్రతికి మారుగా మరియొక ప్రతి దొరకునంత కాలము దానిని బదులుగా భావించినను బాధ లేదు. దొరకని నాడే చిక్కంతయు. ఈ చిన్న భేదమును సరిగా తెలిసికొన్నచో గ్రంథాలయ నియమములలో సగము వాటంతట అవియే యేర్పడునని మా నమ్మకము.

మేము 1981 మొదలు 2013 వరకు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయమున పనిచేసితిమి. దాని పేరు చెప్పుట మా యుద్దేశము కాదు. ఇచట వ్రాయబోవు సంగతులు దానికి మాత్రమే చెందినవియు కావు. ఊరి పఠనమందిరమునకును విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకును గల తారతమ్యమును మాత్రము ముందు చెప్పవలసియున్నది. పఠనమందిరమున పదిమంది కోరు పుస్తకము మంచి పుస్తకము. పరిశోధన గ్రంథాలయమున పదేండ్లకు ఒక్కడు వచ్చి కోరు పుస్తకము కూడ మంచిదే. ఆ యొక్కడు వచ్చిన నాడు అది యచట లేకున్న, అతని మూడేండ్ల శ్రమ వ్యర్థము కావచ్చును. కనుక ఇచటి పాలకుడు ఎదుట నిలిచిన పాఠకునకును, ఇంకను పుట్టని పాఠకునకును నడుమ మధ్యవర్తి. ఒకరికి తలుపు తీసినచో రెండవవారికి నష్టమేమో యను సందేహము అతనిని విడువదు.

ఈ సందేహము నిన్న మొన్నటిది కాదు. ప్రాచీన కాలమున ఈజిప్టు రాజగు మూడవ టాలెమీ తన అలెగ్జాండ్రియా గ్రంథాలయము కొరకు ఏథెన్సు నగరము నుండి ఈస్కిలసు, సోఫోక్లీసు, యూరిపిడీసుల నాటకముల మూల ప్రతులను ఎరువడిగెను. నకళ్లు వ్రాయించుకొని పంపుదునని మాట యిచ్చి, ధరావతుగా 15 టాలెంట్ల వెండి కట్టెను. ఒక టాలెంటు ఇంచుమించు 26 కిలోలు. ఎంత ధనమో చదువరులు లెక్క వేసికొనవచ్చును. నకళ్లు వ్రాయించుట నిజమే. కాని రాజు మూలములను తనయొద్ద నుంచుకొని, నకళ్లను ఏథెన్సునకు పంపి, వెండిని మీరే యుంచుకొనుడనెను. గేలెన్ అను వైద్యుడు ఈ కథను వ్రాసియుంచెను. రాజు ఎరువు సొమ్మును బదులు సొమ్ముగా మార్చెనన్నమాట. ధరావతు ఎంత పెద్దదైనను మారు లేని పుస్తకమును కాపాడలేదని యీ కథ వలన తెలియుచున్నది. మా కార్యాలయమున ఎవరైన "పోతే డబ్బు కడతాను లెండి" అన్నప్పుడెల్ల మాకు ఏథెన్సు పౌరులు జ్ఞప్తికి వచ్చుచుండిరి.

రెండవ కథ ఆక్సుఫర్డునందలి బాడ్లియను గ్రంథాలయమునది. సర్ థామస్ బాడ్లీ పునరుద్ధరింపగా 1602లో తెరువబడిన యీ గ్రంథాలయము పుస్తకమును వెలుపలి కీయదు. ఎవరైనను అచట కూర్చుండియే చదువవలెను. 1645లో, అంతర్యుద్ధ కాలమున, మొదటి చార్లెసు రాజు ఆక్సుఫర్డున విడిది చేసియుండి, ఫ్రెంచి చరిత్ర గ్రంథమొకటి పంపుమని కబురు పెట్టెను. గ్రంథపాలకుడగు జాన్ రౌస్ నియమావళిని చేత బట్టుకొని పోయి రాజునకు చూపెను. రాజు చదివి, పుస్తకమును కోరుట మానుకొనెను. తొమ్మిదేండ్ల పిమ్మట, ఆ రాజు శిరస్సు పోయి క్రాంవెలు అధికారమున కెక్కిన తరువాత, 1654లో అతడును ఒక వ్రాతప్రతి నడిగెను. అతనికిని అదే సమాధానము లభించెను. రాజునకు లేదన్నది రాజును కూల్చినవానికిని లేదయ్యెను. ఈ కథను గ్రంథపాలకుల మొండితనమునకు ఉదాహరణముగా కొందరు చెప్పుదురు. మాకు మాత్రము దానిలో మొండితనము కాక సమత్వము కనుపించినది. నియమము గొప్పవాని యెదుట వంగనప్పుడే సామాన్యునకు దాని యందు విశ్వాసము కలుగును.

మన దేశమున జరుగుచు వచ్చినది దీనికి విరుద్ధము. నియమము కాగితముపై కఠినము. సిఫారసు చీటి వచ్చినచో మెత్తన. చీటి లేని విద్యార్థి అద్దపు బీరువా కివతల నిలువబడి, లోపలి పుస్తకముల వెన్నులపై పేర్లు చదివికొని పోవలసినదే. తాళపుచెవి గుమాస్తా నడుమున వ్రేలాడుచుండును. ఆ గుమాస్తాను నిందించి లాభము లేదు. పుస్తకము పోయిన దాని వెలను అతని జీతము నుండి కోయుదురు. చదివించినందుకు అతనికి బహుమానము లేదు, పోగొట్టినందుకు మాత్రము దండన కలదు. అట్టి యేర్పాటులో బుద్ధిమంతుడైన వాడేమి చేయును? తాళము వేయును. మన గ్రంథాలయముల దుమ్మునకు మూలము సోమరితనమని పలువురు తలంతురు గాని, భయమని మేము చెప్పుదుము.

ఈ భయమును మొదట ఎదిరించిన వారిలో షియాలి రామామృత రంగనాథనుగారు ముఖ్యులు. 1924 జనవరిలో వారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయాధికారిగా వచ్చిరి. అంతకు ముందు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము చెప్పుచుండిరి. ఆ నాటికి ఆంధ్ర విశ్వవిద్యాలయము పుట్టలేదు. అది 1926లో వచ్చినది. సర్కారు జిల్లాల విద్యార్థులకు మద్రాసు విశ్వవిద్యాలయమే గతి గనుక ఆ గ్రంథాలయ చరిత్రము మన చరిత్రము కూడ. కొలువున చేరిన కొలది దినములకే అచటి యొంటరితనము భరింపలేక, మరల తరగతి గదికి పంపుడని రంగనాథనుగారు కోరిరట. ముందు లండను పోయి వచ్చి తరువాత చెప్పుమని పెద్దలు నచ్చజెప్పిరి. లండనులో వారు చూచిన గ్రంథాలయములు సందడిగా నుండెను. పిల్లలు, స్త్రీలు, కూలివారు లోనికి వచ్చి తామే పుస్తకము తీసికొని పోవుచుండిరి. 1925లో తిరిగి వచ్చిన పిమ్మట వారు తరగతి గది మాట తలపెట్టలేదు. అరలను పాఠకులకు తెరచిపెట్టిరి. 1931లో వెలువరించిన పంచసూత్రముల గ్రంథమున మొట్టమొదటి సూత్రము, పుస్తకముండుట వాడుకకే యని. ఇంత చిన్న మాట చెప్పుటకు ఒక గ్రంథము కావలెనా యని యెవరైన అడుగవచ్చును. నడుమున తాళపుచెవి వ్రేలాడిన దేశమున కావలసివచ్చినది.

పుస్తకములు పోవునని తెలిసియు తలుపు తెరచుట ఒక లెక్క. ఆ లెక్కను మన ప్రభుత్వము కూడ ఎన్నడో యొప్పుకొన్నది. కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళి 2005లోను, 2017లోను వెలువడినప్పుడు, ఏడాదిలో ఎరువిచ్చిన, చదువ నిచ్చిన ప్రతి వేయి పుస్తకములకు 5 పోయినను సహజ నష్టముగా భావింపవచ్చునని చెప్పినది. వేయి రూపాయలకు మించిన వెల గల పుస్తకము గాని, వెల యెంతైనను అరుదైన పుస్తకము గాని పోయిన విచారణ జరుగవలెను. మోసము, అశ్రద్ధ ఉండరాదు. ఏటికి 40,000 పుస్తకములు చేతులు మారు గ్రంథాలయమున 200 పోయినను గ్రంథపాలకుడు దొంగ కాడని దీని యర్థము. ఈ నియమమును అచ్చు వేయించి గుమాస్తాలందరి బల్లలపై నుంచవలెనని మా కోరిక. కేంద్ర సంస్థలకు వ్రాసిన నియమమైనను, ఇతరులు దానిని చూచి నేర్చుకొనరాదను నిషేధము లేదు. మాకు తెలిసిన మేర దానిని చదివిన గుమాస్తాలు అరుదు, చదివిన ఆడిటరులు మరింత అరుదు.

ఇక ఎరువు గడువుల సంగతి. మేము పనిచేసిన చోట విద్యార్థికి 2 పుస్తకములు, 14 దినములు. పరిశోధకునకు 5, నెల దినములు. ఆచార్యునకు 20, గడువు చదువుల యేడు ముగియువరకు. ముగిసిన పిమ్మట రిజిస్టరులో తేదీ మార్చిన చాలును, పుస్తకము కంటికి కనుపింప నక్కర లేదు. విద్యార్థి ఒక దినము తప్పిన జరిమానా. ఆచార్యునకు జరిమానా లేదు. ఈ పట్టికను చూచిన వారెవరికైనను, పుస్తకములు ఎవరి యిండ్లలో చేరునో చెప్ప నక్కర లేదు.

1987లో ఒక పరిశోధక విద్యార్థిని మా గదికి వచ్చెను. ఆమె కాకతీయుల కాలమున దేవాలయములకు దానములు చేసిన స్త్రీలను గూర్చి వ్రాయుచుండెను. 1948లో అచ్చయిన దక్షిణ హిందూ శాసనముల పదవ సంపుటము ఆమెకు కావలెను. మద్రాసు రాజధానిలోని తెలుగు శాసనములను చేర్చిన సంపుటమది. ఆ నాటికి అంగడిలో దొరకుట లేదు. మా కార్డుల పెట్టెలో పేరున్నది. అరలో పుస్తకము లేదు. ఒక ఆచార్యునియొద్ద తొమ్మిదేండ్లుగా నున్నది. "రెండు సార్లు వారి ఇంటికి వెళ్ళానండీ. పుస్తకం ఎక్కడుందో చూడాలి, తర్వాత రామ్మా అన్నారు. మూడోసారి వెళ్ళాలంటే మొహమాటంగా ఉంది సార్" అని ఆమె చెప్పెను. ఆమె ఉపకార వేతనము ఇంక ఏడు నెలలలో ముగియనుండెను.

తిరిగి యిమ్మని యుత్తరము వ్రాసితిమి. ఆచార్యులు నడవలో కనుపించి, "ఏమండీ, నా దగ్గరుంటే గ్రంథాలయంలో ఉన్నట్టు కాదా?" అనిరి. వారు దుర్మార్గులు కారు, పండితులే, సహృదయులే. తమ యిల్లు గ్రంథాలయమున కొక గదియను భ్రాంతిలో నుండిరి. ఆ గదికి వేళలు లేవు, పట్టిక లేదు, విద్యార్థిని పోయి తలుపు తట్టుటకు జంకవలసియున్నది. అదియే వారికి తోచలేదు. మేము గ్రంథాలయ సంఘము నెదుట ఒక చిన్న నియమము నుంచితిమి. ఎవరి యొద్దనున్న పుస్తకమునైనను, మరియొకరు కోరిన పది దినములలో తిరిగి యీయవలెను. ఈయని వారికి, వారు ఎవరైనను, క్రొత్త పుస్తకము లేదు. సంఘమున పెద్ద చర్చ జరిగినది. ఆచార్యులను విద్యార్థులతో సమానముగా చూచుట మర్యాద కాదని ఒకరనిరి. జాన్ రౌసు కథ చెప్పితిమి. రాజు వద్దకు నియమావళి పట్టుకొని పోయినవానికి మర్యాద తెలియదా యని యడిగితిమి. మూడు సమావేశములు గడచిన పిమ్మట నియమము నెగ్గినది. పుస్తకము వచ్చినది, నడుమ పాత రైలు టిక్కెట్టు, అంచులలో పెన్సిలుతో వ్రాసిన మంచి వ్యాఖ్యలు. కాని యప్పటికి నాలుగు నెలలు గడచినవి. ఆమె రెండు మారులు మద్రాసు పోయి, బంధువుల యింట నుండి, కావలసిన శాసనములలో సగము చేత్తో ఎత్తి వ్రాసికొని వచ్చియుండెను. మిగిలిన సగమును మా ప్రతి నుండి వ్రాసికొన్నది. ఆ ప్రయాణముల ఖర్చును ఏ జరిమానా పట్టికలోను చేర్చుటకు వీలు లేకపోయినది.

ఆమె మూలముననే మరియొక సంగతి మా దృష్టికి వచ్చినది. పెద్ద నిఘంటువులు, శాసన సంపుటములు, ఒక్కటే ప్రతి గల గ్రంథములు ఎవరికిని ఎరువీయబడవు, అచటనే చదువవలెను. ఇది న్యాయమైన నియమమేనని, ఎల్లరకు సమమేనని మేమందరమును నమ్మియుంటిమి. గ్రంథాలయము రాత్రి 9 గంటల వరకు తెరచియుండెడిది. స్త్రీల వసతిగృహపు గేటు మాత్రము 7 గంటలకు మూయబడుచుండెను. పగలంతయు తరగతులు, ప్రయోగశాలలు. సాయంకాలము మగపిల్లలకు నాలుగు గంటలు, ఆడపిల్లలకు రెండు గంటలు. కాగితముపై నొక్కటే నియమము, గడియారములో రెండు. బాడ్లియనులో రాజును సామాన్యుడును ఒకే బల్ల యొద్ద కూర్చుండవచ్చునన్న మాట నిజమే; కాని బల్ల వరకు రాగలవారికే ఆ సమత్వము. గేటు వేళ మార్చుట మా చేతిలో లేదు. దానికై అర్జీలు పెట్టినవారు వేరే కలరు. వారికి అయిదేండ్లు పట్టినది. మా చేతిలో నున్నది ఎరువు చీటి. సాయంకాలము 6 గంటల తరువాత, అరుదైనవి తప్ప తక్కిన సంప్రదింపు గ్రంథములను వసతిగృహ విద్యార్థినులకు రాత్రి యెరువుగా ఇచ్చి, మరునాడు తెరచు వేళకు తెప్పించుకొను పద్ధతిని పెట్టితిమి. పుస్తకములు చెడిపోవునని భయపడినవారు లేకపోలేదు. మొదటి యేట అన్నియు తిరిగి వచ్చినవి. ఒక నిఘంటువు మాత్రము నేతి మరకతో వచ్చినది. తరువాత దూరపు పల్లెల నుండి వచ్చిపోవు మగపిల్లలు, తమకును చివరి బస్సు 7 గంటలకే కదా యని యడిగిరి. వారికిని ఇచ్చితిమి.

ఎరువు మాట ఇంత చెప్పితిమి. ఎరువిచ్చుటకు ముందు పుస్తకముండవలెను గదా. ఉంచుకొనుట యొక చిక్కు, తీసివేయుట అంతకన్న పెద్ద చిక్కు. అరలు నిండుచుండును, గోడలు పెరుగవు. 1979లో వెలువడిన పిట్సుబర్గు విశ్వవిద్యాలయ పరిశీలన యొకటి గ్రంథపాలకులలో పెద్ద కలకలము పుట్టించినది. అచట 1969లో కొన్న పుస్తకములలో ఇంచుమించు నూటికి 40, 1975 చివరివరకు ఒక్క మారైనను ఎరువు పోలేదని తేలినది. ఇట్టి లెక్కను చూచిన పాలకవర్గమువారు, అయితే ఆ నలువదిని కొననే వద్దని తీర్మానించుట సులభము. ఏ నలువదియో ముందుగా చెప్పగల జ్యోతిష్కుడు దొరకినచో మాకును అభ్యంతరము లేదు.

బాడ్లియను వారు ఒకమారు అట్టి జ్యోతిషమే చెప్పి నష్టపోయిరి. షేక్స్పియరు నాటకముల మొదటి పెద్ద సంపుటము 1623లో అచ్చయినది. ఒక ప్రతి వారికి చేరగా 1624లో జిల్దు కట్టించిరి. 1664లో మూడవ ముద్రణము, మరికొన్ని నాటకములు చేరినది, వచ్చినది. క్రొత్తది వచ్చినప్పుడు పాతది యెందుకని మొదటి దానిని అమ్మివేసినట్లున్నది. సుమారు రెండువందల నలువది యేండ్ల తరువాత, 1905లో, ఒక విద్యార్థి తన యింటనున్న పాత పుస్తకమును జిల్దు సంగతి యడుగుటకై ఆ గ్రంథాలయమునకే తెచ్చెను. జిల్దును చూచి అది తమ పుస్తకమేనని వారు గుర్తించిరి. అప్పటికి అమెరికా ధనికుడు ఫోల్జరు దానికి 3,000 పౌనులు ఇత్తుననెను. బాడ్లియను వారు ఊరూర చందాలు పోగుచేసి, 1906లో, తాము పనికిరాదని యమ్మిన పుస్తకమును ఆ వెలకే తిరిగి కొనిరి. నాటకములు గ్రంథాలయమున ఉండదగినవి కావని బాడ్లీ దొరగారి యభిప్రాయము. ఆ మాట విన్నప్పుడు మన పెద్దలు నవలల విషయమున చెప్పినది గుర్తుకు రాకమానదు.

1994లో మా గ్రంథాలయమున కూడ అరలు ఖాళీ చేయుమను ఉత్తరువు వచ్చినది. నేలమాళిగలో తెలుగు మాసపత్రికలు, వారపత్రికలు, స్త్రీల పత్రికలు, కుల సంఘముల పత్రికలు, నాటక సమాజముల కరపత్రములు గుట్టలుగా నుండెను. చెట్టుగుజ్జు కాగితము తనలోని ఆమ్లము చేత తానే పసుపెక్కి, ముట్టుకొన్న చోట నలుగును. దానికి చెదలు, తుఫాను నాటి చెమ్మ తోడు. ఎవరును అడుగుట లేదు గనుక తూకమునకు అమ్మవచ్చునని సంఘమున నొకరనిరి. ఎవరును అడుగకుండుటకు కారణము, వాటికి పట్టిక లేకపోవుటయే. పేరు వ్రాయని దానిని ఎవరడుగుదురు? అదే పొడుగు గల అరలలో మరియొక చోట, పాఠము మారిపోయిన పరీక్ష పుస్తకములు ఒక్కొక్కటి ముప్పదేసి ప్రతులు కూర్చుండియుండెను. అట్టలు గట్టివి, బంగారు అక్షరములు గలవి. వాటిని తీసివేయుమని ఎవరును అనలేదు. వాటిలో రెండేసి ప్రతులుంచి తక్కినవి పంచిపెట్టితిమి, చిరిగినవి తూకమునకు వేసితిమి. పత్రికలు పైకి వచ్చినవి. ఇద్దరు తాత్కాలికపు గుమాస్తాలు పదునాలుగు నెలలు కూర్చుండి పట్టిక వ్రాసిరి. వారి జీతములకై మేము చేసిన యుత్తర ప్రత్యుత్తరములు ఆ పట్టిక కన్న పొడవు.

ఇట్టి కాగితముల విలువ దూరదేశపు వారికి ముందే తెలిసినది. అమెరికా ప్రభుత్వము 480వ నంబరు చట్టము క్రింద మనకు గోధుమలు పంపి, వెలను రూపాయలలో తీసికొనెడిది. ఆ రూపాయలలో కొంత భాగముతో, 1962 మొదలుకొని, అచటి కాంగ్రెసు గ్రంథాలయమువారి ఢిల్లీ కార్యాలయము మన భాషల పుస్తకములు కొని షికాగో మొదలగు విశ్వవిద్యాలయములకు పంపుచు వచ్చినది. మన వారు రైలులో చదివి పారవేసిన తెలుగు నవలలు అచట జిల్దు కట్టి, వర్గ సంఖ్య వేసి నిలుపబడినవి. తెలుగు నవల చరిత్రము వ్రాయువాడు సముద్రము దాటవలసివచ్చుట మనకు గౌరవము కాదు. మన దేశమున వేటపాలెమునందలి సారస్వత నికేతనము వంటి గ్రామ సంస్థలు, 1918 నుండి చందాలతో నడచుచు, పాత పత్రికలను కాపాడినవి. పెద్ద జీతములు, పెద్ద మేడలు గల చోట్ల అవి తూకమునకు పోయినవి.

ఇప్పుడు పత్రికలు కాగితముగా వచ్చుట తగ్గినది. పరిశోధన పత్రికలను కంప్యూటరు తెరపై చదువుచున్నారు. ఇందు వలన కలిగిన మేలు తక్కువది కాదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము "ఒకే దేశము, ఒకే చందా" అను పథకమునకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. 2025 మొదలు 2027 వరకు మూడేండ్లకు, 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా పరిశోధన సంస్థలకు అందునట్టి యేర్పాటిది. మా కాలమున ఒక్క రసాయన శాస్త్ర పత్రిక చందా కొరకు మూడు తెలుగు పత్రికలను మానుకొనవలసి వచ్చెడిది. మారుమూల ప్రభుత్వ కళాశాలలోని బాలికకు అవియన్నియు అందుట చూచి సంతోషింపని వారుండరు. కాని యిది కొనుగోలు కాదు, అద్దె. చందా ఆగినచో, ఒప్పందమున ప్రత్యేకముగా వ్రాసికొననిచో, నిన్న చదివిన సంచిక కూడ నేడు తెరచుకొనదు. అమ్మిన పుస్తకమును ఎరువిచ్చుటకు ప్రచురణకర్త యడ్డు రాలేడు. అద్దెకిచ్చిన దానిని ఎవరికి చూపవలెనో, మరియొక గ్రంథాలయమునకు నకలు పంపవచ్చునో లేదో అతడే నిర్ణయించును. తాళపుచెవి గుమాస్తా నడుము నుండి తప్పించుటకు రంగనాథనుగారి తరము పడిన పాటు మనకు తెలియును. ఇప్పుడు దానిని సముద్రము కావలనున్న కంపెనీ చేతికి ఇచ్చుచున్నాము. ఇచ్చునప్పుడు ఒప్పందములోని చిన్న యక్షరములను న్యాయవాదులతో పాటు గ్రంథపాలకులును చదువవలెను.

ఆ చిన్న యక్షరములలో చోటు దొరకని వాడొకడు కలడు. అతడు విద్యార్థి కాడు, ఆచార్యుడు కాడు. ఏ సంస్థకును చెందనివాడు. 2009లో అట్టివారు ఒకరు మాయొద్దకు వచ్చిరి. పదవి విడిచిన బడిపంతులు. తమ యూరి చెరువును గూర్చి పుస్తకము వ్రాయుదుమనిరి. గుర్తింపు కార్డు లేదు, సిఫారసు లేదు. ఇట్టివారికి చోటిచ్చినచో గ్రంథాలయము రచ్చబండ యగునని మా సంఘమున కొందరి భయము. ఈ గ్రంథాలయమునకు ధనమిచ్చు ప్రజలలో ఆయన యొకరని, చెరువు సంగతి తెలిసినవారు మనలో లేరని మేమంటిమి. 500 రూపాయల ధరావతు తీసికొని, చదువుటకే గాని ఎరువునకు కాదను షరతుతో చీటి వ్రాసి యిచ్చితిమి. రెండేండ్లపాటు వారమున కొకదినము మొదటి బస్సులో వచ్చి, కిటికీ ప్రక్క బల్లపై పాత సెటిల్మెంటు నివేదికలు, జిల్లా గెజెటీరులు పరచుకొని చదివెడివారు. మధ్యాహ్నము టిఫిను డబ్బాతో మెట్లపై కూర్చుండి భుజించి, చేతులు తడి యారిన తరువాత గాని లోపలికి వచ్చెడివారు కారు. పుస్తకము అచ్చయిన పిమ్మట రెండు ప్రతులు తెచ్చి మా బల్లపై నుంచిరి. చేర్పు పట్టికలో ఎక్కించి, ఒకటి ఎరువు అరలోను, రెండవది ఎరువీయని అరలోను పెట్టించితిమి. మేము పదవి విడచునాటికి మొదటి ప్రతి వెనుక చీటిపై పదునొకండు తేదీలు పడియుండెను.